చేదు కారేదాకా

చేదక్క మీద చెయ్యి చేసుకున్న మగవాళ్ళు ముగ్గురు. మొదటివాడు తండ్రి, చిన్నపిల్ల కాబట్టి పడింది. రెండోవాడు మొగుడు, వాడి చెయ్యి కోసింది. మూడోవాడు అల్లుడు. వాడి జోలికి కత్తితో వెళ్ళనని కూతురికి మాట ఇచ్చింది, ఆ మాట తప్పలేదు కూడా. కాకపోతే కత్తి కంటే చెడ్డ పని ఒకటి చేసింది. ఆ పని ఆమెను తొమ్మిదేళ్ళు తిన్నది.

అసలు పేరు ఏమిటో ఆమెకైనా గుర్తుందో లేదో. కలబంద తోటలో మట్టలు కోసే ఆడవాళ్ళ ముఠాకి ఆమె మేస్త్రి. ఆ మట్ట కోసినచోట పసుపుపచ్చని రసం కారుతుంది. అది కాకరకాయకి తాతలాంటి చేదు. అరచేతుల్లో ఇంకి, గోళ్ళకింద చేరి, సబ్బుకీ ఇసుకకీ లొంగకుండా ఉండిపోతుంది. ఆమె కలిపిన టీ చేదు, తుంచి ఇచ్చిన రొట్టె చేదు. ముఠాలో పొడుగమ్మ అని ఒకామె ఉంది, నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి. "అక్కా, నిన్ను దోమలైనా కుడతాయా?" అని ఏడిపించేది.

"కుట్టినవి వెనక్కి తిరిగొచ్చి చెప్పలేదులే," అనేది చేదక్క.

తండ్రి రాళ్ళు కొట్టేవాడు. పగలంతా రాళ్ళని కొట్టి, సాయంత్రం ఇంటికొచ్చి మనుషుల్ని కొట్టేవాడు. నడుముకున్న బెల్టు విప్పాడంటే పెళ్ళామో పిల్లో ఎవరో ఒకరు అయిపోయినట్టే. కూర చల్లారిందని ఒకరోజు, వేడిగా ఉందని ఇంకోరోజు. వంటింటి వెనక తలుపు దగ్గర పగిలిన బేసినులో తల్లి ఒక కలబంద మొక్క పెంచేది. ఆ ఇంట్లో ఇంకే మొక్కా లేదు. బెల్టు ఉంది కాబట్టి కలబంద ఉంది, అంతే.

పిల్ల బోర్లా పడుకుని ఏడుస్తుంటే తల్లి వెళ్ళి అడుగున ఉన్న మట్ట ఒకటి కోసుకొచ్చేది. కోసుకొచ్చి వెంటనే రాసేదా అంటే, రాసేది కాదు. కోసిన కొస కిందికి వచ్చేలా మట్టను గ్లాసులో నిలబెట్టేది. పసుపు రసం బొట్టుబొట్టుగా గ్లాసు అడుగుకి దిగేది. వీపు మంటలు మండుతుంటే పిల్ల పళ్ళు కొరుక్కుని, "ఇంకా ఎంతసేపమ్మా?" అనేది.

"కారనీవే. చేదు పోకుండా రాస్తే ఇంకా మండుతుంది."

అదంతా కారాక ముళ్ళ అంచులు చెక్కి, పైతొక్క తీసి, గాజులా మెరిసే గుజ్జు పలకను వాతల మీద పరిచేది. ఒళ్ళు ఒక్కసారిగా చల్లబడేది. అయినా ఆ ఎదురుచూసే కాసేపట్లో పిల్లకి తండ్రి మీద కంటే తల్లి మీదే కోపం వచ్చేది. కొట్టేవాడు ఎలాగూ కొడతాడు, మందు చేతిలో పెట్టుకుని ఈమె ఎందుకు ఆపుతుందని. ఆ కోపానికి చేదక్క ఇప్పటికీ సిగ్గుపడుతుంది.

ఆమెకి పదిహేడు వచ్చిన ఏడు తండ్రి సుత్తి పిడితో తల్లి మెడకింద ఎముక విరగ్గొట్టాడు. ఎముక అతకలేదు, తల్లి మూడు నెలల్లో పోయింది. పోయిన మర్నాడే ఆ పిల్ల బేసినులోంచి జానెడు పిలక ఒకటి వేళ్ళతో సహా లాగి, కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంది. తండ్రి బెల్టు తీసుకెళ్ళి బావిలో పారేసింది. ఆ రెండు పనులూ చేసి ఇల్లు వదిలింది.

కలబంద తోట ఆసామి ఆ పిల్లను చూసి, "ఈ మొక్క గురించి నీకేమైనా తెలుసా?" అని అడిగాడు.

"దీంతోనే పెరిగాను," అంది.

పెరిగింది నిజమేగానీ పెంచడం అక్కడ నేర్చుకుంది. తల్లి మొక్క చుట్టూ వచ్చిన పిలకల్ని విడదీశాక వెంటనే నాటకూడదు. నాలుగైదు రోజులు నీడలో పడేస్తే తెగినచోట గాయం ఎండుతుంది, అప్పుడు నాటాలి. తొందరపడితే ఆ గాయంలోంచే కుళ్ళు మొదలవుతుంది. ఇసుక కలిసిన నేల, ఎత్తు బోదెలు, చాలీచాలని నీళ్ళు. ఈ మొక్క ఎండకి చావదు, ప్రేమకి చస్తుంది. జాలిపడి రోజూ నీళ్ళు పోసేవాళ్ళని చేదక్క తోట బయటికి తరిమేది. ఏడాది నిండేదాకా మట్ట ముట్టుకోనిచ్చేది కాదు. నిండాక కూడా అడుగు వరసలో మూడో నాలుగో, అంతే. నడి మొవ్వ జోలికి పోయిన వాళ్ళ వేళ్ళ మీద కత్తి పిడితో ఒకటి వేసేది.

కోసిన మట్టల్ని షెడ్డులో సిమెంటు తొట్టి నిండా నిలబెట్టేవాళ్ళు, కొసలు కిందికి పెట్టి. రెండు గంటల్లో తొట్టి అడుగున చేదు రసం మడుగు కట్టేది. గుజ్జు ఫ్యాక్టరీ వ్యానులో పోయేది. రసాన్ని మాత్రం పెద్ద మూకుట్లో వేసి నల్లగా గట్టిపడేదాకా కాచేవాళ్ళు. అదే ముసాంబరం. బెణికినచోట వేడిచేసి పట్టు వేస్తే వాపు తీస్తుంది. లోపలికి పుచ్చుకుంటే పేగుల్ని పిండి బయట పడేస్తుంది. అందుకే ముఠాలో చేరిన ప్రతి ఆడమనిషికీ మొదటిరోజే ఒక మాట చెప్పేవాళ్ళు. కడుపుతో ఉన్నవాళ్ళు తొట్టి దగ్గరికీ మూకుడు దగ్గరికీ రాకూడదు, ముసాంబరం గోరంత కూడా నోట పెట్టకూడదు, కడుపు పోతుంది, మనిషే పోవచ్చు. ఎవరికైనా నెల తప్పితే మారుమాట లేకుండా నాటు పనికి మార్చేసేవాళ్ళు.

చేదక్క కూతురు ఆ తొట్టి పక్కనే పెరిగింది. తల్లి కాలి దగ్గరే అంటిపెట్టుకుని ఉండేది కాబట్టి అందరూ పిలక అనేవాళ్ళు. నాలుగేళ్ళకే ఈ నియమం బట్టీ పట్టి, పుల్ల ఒకటి పట్టుకుని తొట్టికి కాపలా కాసేది. ఒకరోజు ఆసామి బానపొట్టతో షెడ్డులోకి వస్తే పుల్ల అడ్డం పెట్టి, "మీరు రాకూడదు, కడుపు పోతుంది," అంది. పొడుగమ్మ నవ్వీ నవ్వీ మట్టల గంప మీద కూలబడింది. ఆసామి కూడా పొట్ట తడుముకుంటూ, "పోతే బాగుణ్ణు," అని వెళ్ళిపోయాడు.

ఆ పిల్ల తండ్రి లోడింగు కూలీ. గంపలు ఎత్తడానికి వచ్చి, చేదక్క కలిపిన చేదు టీ ముఖం చిట్లించకుండా తాగి, ఆమె మనసు కొట్టేశాడు. పెళ్ళయిన రెండో నెలలో మొదటి చెంపదెబ్బ. చేదక్క మందు తనే కోసుకుని తనే రాసుకుంది. తల్లి చేసినట్టే చేస్తున్నానని తెలిసి కూడా ఏడేళ్ళు అలాగే గడిపింది. ఒక మధ్యాహ్నం వాడు ముఠా అంతా చూస్తుండగా షెడ్డులోకి వచ్చి, అన్నం పంపలేదని జుట్టు పట్టుకుని, ఆమె ముఖాన్ని తొట్టిలో రసంలోకి అదిమాడు. కళ్ళూ ముక్కూ గొంతూ మండిపోయాయి. ఊపిరి అందలేదు. చేతిలో మట్టలు కోసే కొంకి కత్తి అలాగే ఉంది. తల పైకి లేచేసరికి ఆ కత్తి కూడా లేచింది.

వాడి అరచెయ్యి బొటనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా తెరుచుకుంది. రక్తం తొట్టిలో పడి పసుపులో ఎర్రగా పాకింది. "ఇంకో చెయ్యి కూడా ఇస్తావా?" అంది చేదక్క, కళ్ళు తెరవలేకుండానే. వాడు ఇవ్వలేదు. కట్టు కట్టించుకుని ఆ వారంలోనే వెళ్ళిపోయాడు, మళ్ళీ కనిపించలేదు. వాడి మూడు వేళ్ళు ఇక ముడుచుకోలేదని ఎవరో చెప్పారు. గంపల చాటు నుంచి పిలక మొత్తం చూసింది. అప్పుడు ఆరేళ్ళది.

పిలకకి ఇరవై రెండేళ్ళప్పుడు ఫ్యాక్టరీ వ్యాను డ్రైవరు మీద మనసుపడింది. చేదక్క వద్దనలేదు. కుర్రాడు మర్యాదస్థుడు, అత్తయ్యా అని నోరారా పిలుస్తాడు, నవ్వితే బుగ్గన సొట్ట పడుతుంది. టైర్ల కొట్టు మేడమీద రెండు గదుల్లో కాపురం పెట్టారు. కొన్నాళ్ళకి పిలక తోటకి వచ్చి మట్ట అడిగింది, ముఖానికి రాసుకుంటానని. చేదక్క ఇచ్చింది. మర్నాడు రెండు అడిగింది. ఆ పై వారం రోజుకి మూడేసి. చేదక్క మూడో మట్ట చేతిలో పెట్టబోతూ ఆగిపోయింది. ఒక్క ముఖానికి రోజుకి మూడు మట్టలు అక్కర్లేదు. ఒక వీపుకి ఎన్ని కావాలో ఆమెకి బాగా తెలుసు.

అక్కడే, తొట్టి వెనక, కూతురి చొక్కా పైకెత్తి చూసింది. మెడ దగ్గర గానీ చేతుల మీద గానీ ఒక్క మచ్చ లేదు. బట్ట కప్పినంత మేరా నీలం, ఆకుపచ్చ, నలుపు. నడుము మీద బూటు మడమ అచ్చు అచ్చుగా ఉంది. పిలక, "జారిపడ్డానమ్మా," అంది. తన వీపు కంటే ఆ వీపు ఎక్కువ మండింది.

ఆ సాయంత్రమే టైర్ల కొట్టు మెట్లెక్కింది. అల్లుడు కుర్చీ వేశాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. ఆమె విషయం ఎత్తగానే సొట్టబుగ్గ నవ్వు నవ్వుతూనే ఆమె కుడిచెయ్యి పట్టుకున్నాడు.

"ఈ చేత్తోనే కదా అత్తయ్యా, మావయ్యగారిని కోసింది?"

బొటనవేలిని వెనక్కి వంచాడు. ఇంకా వంచాడు. ఎండుపుల్ల విరిగిన చప్పుడు వచ్చింది. చేదక్క అరవలేదు, గ్లాసు తీసుకుని ఎడమచేత్తో వాడి నుదుటి మీద పగలగొట్టింది. వాడు ఆమె పొట్టలో గుద్ది గోడకేసి కొట్టాడు. వంటింట్లో చాకు కోసం ఆమె పాకుతుంటే పిలక వచ్చి తల్లి కాళ్ళ మీద పడింది.

"వద్దమ్మా. నాన్నని కోశావు, నాకు నాన్న లేకుండా పోయాడు. ఇప్పుడు మొగుణ్ణి కూడా లేకుండా చెయ్యకు. కత్తి పట్టనని నా మీద ఒట్టు వెయ్యి."

ఆ మాట బొటనవేలి కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. అయినా ఒట్టు వేసింది. మెట్లు దిగుతూ, వెంట వచ్చిన కూతురితో, "కడుపు పడకముందే వచ్చెయ్యవే. వాడి బిడ్డని ఎత్తుకుని నువ్వు ఈ మెట్లు దిగలేవు," అంది. పోలీసు స్టేషన్‌లో రైటరు ఆమె వేలు చూసి, కుటుంబ వ్యవహారాలు ఇంట్లోనే చూసుకోమన్నాడు.

వేలికి ముసాంబరం పట్టు వేసుకుని చేదక్క పనికి పోతూనే ఉంది. పదిహేను రోజులకి అల్లుడు తోటకి వచ్చాడు. మనిషన్నవాడికి సిగ్గుండాలి, వాడికి లేదు. పగలంతా వ్యాను సీటులో కూర్చునేవాళ్ళకి వచ్చే జబ్బే వాడికీ వచ్చింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అత్తయ్యా, కడుపు కదిలి నాలుగు రోజులైంది. మీ దగ్గర ఏదో మందుంటుందట కదా," అన్నాడు.

చేదక్క వాడి ముఖంలోకి చూసింది. నుదుటి మీద గ్లాసు గాటు మానుతోంది. "ఉంది బాబూ, సాయంత్రం పంపిస్తాను," అంది. ఆ బాబూ అన్న మాటకి పొడుగమ్మ వెనక్కి తిరిగి చూసింది.

చేదక్క ముసాంబరం మాత్రలు చుడుతున్నంతసేపూ వాడి వేళ్ళు ఒక్కొక్కటే విరుస్తున్నట్టు ఊహించుకుంది. ఒట్టు కత్తి గురించి వేసింది, మందు గురించి కాదు. మామూలు మనిషికి ఇవ్వాల్సినంత ఇవ్వలేదు, ఇవ్వకూడనంత ఇచ్చింది. రేకు డబ్బా నింపి, "రోజూ వేసుకోవాలి, మధ్యలో మానితే పని చెయ్యదు," అని చెప్పి పంపింది.

పని చేసింది. అల్లుడు రోజుకి పదిసార్లు మేడ దిగి పెరట్లో మరుగుదొడ్డికి పరిగెత్తేవాడు. టైర్ల కొట్టువాడు ఆ మెట్లు అరిగిపోతాయని బెంగపెట్టుకున్నాడు. పొట్ట పట్టుకుని మెలికలు తిరిగేవాడు, వ్యాను నడిపే ఓపిక లేక మంచం పట్టాడు. చెయ్యెత్తాలంటే ముందు తను లేవాలి కదా. పిలక మట్టలు అడగడం మానేసింది. ఆమె ముఖంలో రంగు తిరిగింది. డబ్బా ఖాళీ అయితే చేదక్క మళ్ళీ నింపేది. ఆ నెల ఆమె పాట పాడుతూ కోత కోసిందని పొడుగమ్మ ఇప్పటికీ చెబుతుంది. పాపం ఏమో గానీ సుఖంగా ఉందని చేదక్క కూడా ఒప్పుకుంటుంది.

సుఖం నెల దాటలేదు. ఎవరో డాక్టరు చెబితే అల్లుడు మాత్రలు మానేశాడు. వారంలో లేచి నిలబడ్డాడు. మంచంలో పడి ఉన్న రోజులన్నిటికీ కలిపి ఒకేరోజు తీర్చుకున్నాడు. టీలో పంచదార తక్కువైందని పెళ్ళాన్ని పడదోసి, పొట్టలో తన్నాడు. ఒకసారి కాదు. అది బుధవారం. చేదక్కకి ఆ సంగతి తెలియనే లేదు.

శుక్రవారం పొద్దున్నే టైర్ల కొట్టువాడు షెడ్డుకి ఫోను చేశాడు. మేడ మీంచి నీళ్ళు కాదు, ఏదో ఎర్రగా కారుతోందన్నాడు.

చేదక్క ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. గది తలుపు తీసే ఉంది, వాడు డ్యూటీకి పోయాడు. పిలక వంటింటి గడప దగ్గర ముడుచుకుని పడి ఉంది. కింద బట్టలు నల్లగా తడిసి ఉన్నాయి, రక్తం గది వాలు పట్టి గుమ్మం దాటింది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. పక్కనే మంచినీళ్ళ గ్లాసు. దాని పక్కన రేకు డబ్బా, మూత తీసి, ఖాళీగా. రెండు వారాల కిందట చేదక్క తన చేతులతో నింపిన డబ్బా అది.

ఆమెకి ఒక్కసారిగా అంతా అర్థమైంది. అంటే, అంతా అర్థమైందని అనుకుంది. పిల్లకి నెల తప్పింది. తను అన్న మాట వల్ల తనకే చెప్పకుండా దాచింది. కడుపుతో ఉన్నవాళ్ళకి వచ్చే మలబద్ధకమే దీనికీ వచ్చింది. అమ్మ చేసిన మందే కదా అని డబ్బా తీసింది. చేదక్క డబ్బాకి మూత పెట్టి, పనికి తొడుక్కునే పొడుగు చొక్కా జేబులో దోపుకుంది. తర్వాత కూతుర్ని భుజాన వేసుకుని ఆ మెట్లు దిగింది.

ఆసుపత్రిలో ఇద్దరి రక్తం ఎక్కిస్తే గానీ పిలక దక్కలేదు. డాక్టరమ్మ బయటికి వచ్చి, "మూడో నెల. పోయింది. పొట్ట మీద బూటు దెబ్బలున్నాయి," అంది. తర్వాత, "ఏమైనా మందు మింగిందా? దెబ్బ వల్లో మందు వల్లో ఇప్పుడు చెప్పడం కష్టం. ఏది రాయాలో నాకు తెలియాలి," అంది.

జేబులో డబ్బా తొడకి గుచ్చుకుంటోంది. నిజం చెబితే కూతురు తన ముఖం చూడదు. ముఖం చూడకపోతే పోయె, ఆ మేడకే తిరిగి పోతుంది. అక్కడ ఈసారి చస్తుంది.

"ఏమీ మింగలేదమ్మా. తన్నాడు," అంది చేదక్క.

పిలక కళ్ళు తెరిచి అడిగింది కూడా అదే. "ఎందుకు పోయిందమ్మా?"

"వాడు తన్నినందుకు."

పిలక తల్లి ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత గోడవైపు తిరిగింది. ఆ చూపుని చేదక్క దుఃఖమనుకుంది.

పది రోజుల తర్వాత తల్లీ కూతురూ షెడ్డులో ఉండగా అల్లుడు ఇనపరాడ్డు పట్టుకుని వచ్చాడు. కేసు పెట్టబోతున్నారని తెలిసింది వాడికి. మొదటి దెబ్బకి తూకం యంత్రం అద్దం పగిలింది, రెండో దెబ్బ అడ్డం వచ్చిన పొడుగమ్మ ముంజేతి మీద పడింది. పిలకని జుట్టు పట్టి గుమ్మం దాకా ఈడ్చాడు. చేదక్క కొంకి కత్తి ఎత్తింది. వాడి మెడ నరం ఆమెకి స్పష్టంగా కనిపిస్తోంది. మట్ట కోసినంత తేలిక. అప్పుడు కింద ఈడ్చుకుపోతున్న పిలక కళ్ళు ఆమె కళ్ళల్లో పడ్డాయి, ఒట్టు గుర్తొచ్చింది. కత్తి దూరంగా విసిరేసి, గుజ్జు పలకలు నింపిన డ్రమ్ముని కాలితో తన్నింది.

గుజ్జు మీద ఎలా నడవాలో ముఠాలో ఆడవాళ్ళకి తెలుసు, మడమలు ఆనించి, వేళ్ళు బిగించి. వ్యాను డ్రైవరుకేం తెలుసు. రెండు కాళ్ళూ ఒకేసారి ఎగిరాయి, దవడ సిమెంటు తొట్టి అంచుకి తగిలింది. పళ్ళు నేల మీద దొర్లాయి. లేవబోయాడు, మళ్ళీ జారాడు. మూడోసారి లేవనివ్వకుండా తొమ్మిదిమంది ఆడవాళ్ళు వాడి మీద కూర్చున్నారు. పొడుగమ్మ విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని సరిగ్గా వాడి ముఖం మీదే కూర్చుంది. పోలీసులు వచ్చేదాకా ఎవరూ కదల్లేదు. పళ్ళు పోయినవాణ్ణి చూసి స్టేషన్‌లో ఎవరికీ అది కుటుంబ వ్యవహారంలా కనిపించలేదు కాబోలు, ఈసారి రైటరు రాసుకున్నాడు. డాక్టరమ్మ కాగితం, షెడ్డులో సాక్షులు, అన్నీ కలిపి వాడిని లోపలికి పంపాయి.

కూతురు దక్కింది. కానీ చేదక్క ఆ రోజు నుంచి ముసాంబరం కాచలేదు. మూకుడు తిరగేసి సుత్తితో చితక్కొట్టింది. తొట్టి అడుగున రసాన్ని రోజూ తనే కాలవలోకి వదిలేసేది. ఆసామి కేకలు వేస్తే, "నన్ను మానిపించి వేరేవాళ్ళతో కాయించుకోండి," అనేది. పిలకకి అన్నం పెట్టేటప్పుడల్లా, జుట్టు దువ్వేటప్పుడల్లా, ఈ చేతులే కదా అనుకునేది. డబ్బా ఇంటి వెనక పాతిపెట్టి, దాని మీద తల్లి బేసినులోంచి తెచ్చిన మొక్క పిలక ఒకటి నాటింది. దాని మట్ట మాత్రం ఎన్నడూ కొయ్యలేదు. చెప్పేస్తే బాగుణ్ణని వెయ్యిసార్లు అనుకుంది. చెబితే పోతుందేమోనని వెయ్యిసార్లూ నోరు మూసుకుంది.

అలా తొమ్మిదేళ్ళు. అతకని బొటనవేలితో కొంకి కత్తి పట్టలేక చేదక్క తొక్క తీసే బల్ల దగ్గర కూర్చుంటోంది, పిలక మేస్త్రి అయింది. మొన్న ముఠాలో కొత్తమ్మాయి ఒకతె చేరింది. పొద్దున్నే మట్టల గంప ఎత్తుకుని తొట్టి దగ్గరికి వస్తుంటే పిలక చెయ్యి అడ్డం పెట్టింది. చేదక్క రెండడుగుల దూరంలో ఉంది.

"నెల తప్పిందా అమ్మాయ్?"

కొత్తమ్మాయి సిగ్గుపడింది.

"అయితే ఇటు రాకు. ఈ రసం గోరంత లోపలికి పోయినా కడుపు పోతుంది. నాటు పనికి పో," అని, నవ్వి, "నాకు నాలుగేళ్ళప్పటి నుంచీ తెలుసు ఈ సంగతి," అంది.

చేదక్క చేతిలో తొక్క తీసే చాకు ఆగిపోయింది. నాలుగేళ్ళ పిల్ల, చేతిలో పుల్ల, ఆసామి బానపొట్ట. కడుపు పోతుంది అన్న ఆ మాట. తొమ్మిదేళ్ళు గుండె మీద బండ మోసింది గానీ, ఆ పిల్లకి తెలియకపోవడం ఎలా కుదురుతుందని ఒక్కసారీ ఆలోచించలేదు. కొత్తమ్మాయి వెళ్ళేదాకా ఆగి, లేచి కూతురి దగ్గరికి వచ్చింది.

"ఆ డబ్బా..." అంది.

పిలక నవ్వు మాయమైంది. "నువ్వు మూత పెట్టి జేబులో దోపుకోవడం చూశాను. స్పృహ ఉంది నాకు."

"తెలిసే మింగావా?"

"తొట్టి పక్కన పుట్టినదాన్ని. తెలియదని ఎలా అనుకున్నావమ్మా? బుధవారం తన్నాక కూడా కడుపు నిలబడే ఉంది. వాడి బిడ్డని ఎత్తుకుని ఆ మెట్లు దిగలేవని నువ్వే అన్నావు. దిగాలనుకున్నాను. అందుకే మింగాను." తొట్టి అంచున కారిన రసాన్ని చేత్తో తుడిచింది. "తర్వాత నువ్వు, వాడు తన్నినందుకే పోయిందన్నావు. ఆ మాట పట్టుకుని బతికాను. నువ్వు నా కోసం మోస్తున్నావని తెలుసు. దించమని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

చేదక్క చెయ్యి లేచింది. ముగ్గురు మగవాళ్ళ చేతుల కింద బతికిన మనిషి, తన కడుపున పుట్టినదాని మీద ఏనాడూ చెయ్యెత్తని మనిషి, ఎత్తింది. చెంప పేలినంత చప్పుడైంది. పిలక తొట్టి అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. షెడ్డులో కత్తులన్నీ ఆగిపోయాయి.

"చచ్చిపోయేదానివే," అంది చేదక్క. "గది నిండా రక్తం. చచ్చిపోయేదానివే."

అని అక్కడే నేల మీద కూలబడి గుండెలు బాదుకుని ఏడ్చింది, తల్లి పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. పిలక పక్కన కూర్చుంది. ఆమె చెంప మీద నాలుగు వేళ్ళూ తేలాయి, వాటి మీద పసుపు రసం తడిగా అంటుకుని ఉంది. కాసేపటికి చేదక్క కళ్ళు తుడుచుకుని ఆ చెంప చూసింది. పక్కనున్న గ్లాసులో నీళ్ళతో కూతురి చెంప కడిగింది. గంపలోంచి మట్ట ఒకటి తీసి, కొస కోసి, ఖాళీ గ్లాసులో నిలబెట్టింది.

ఇద్దరూ దానివైపే చూస్తూ కూర్చున్నారు. బొట్టు తర్వాత బొట్టు దిగుతోంది.

"మండుతోందమ్మా. ఇంకా ఎంతసేపు?" అంది పిలక.

"కారనీవే," అంది చేదక్క, కూతురి తల భుజానికి ఆనించుకుని.